నిరీక్షింపని విన్నపము

బెంగుళూరు నగరమునకు ఆగ్నేయమున, హోసూరు, సర్జాపుర మార్గముల పేర వెలసిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నేడు పెక్కు సాఫ్ట్‌వేర్ సంస్థలకు నెలవు. అచట పనిచేయు తెలుగు యువకుల నోట తరచుగా వినవచ్చు మాట ‘అసింక్’. ఇంటి పెద్దలకు వింతగా తోచినను, ఆ మాట వెనుకనున్న భావము మనకు క్రొత్తది కాదు.

గృహిణి పిండిమరయందు బియ్యము పోసి, పిండి చేతికి వచ్చువరకు అచటనే నిలుచుట ఒక పద్ధతి. చీటీ తీసికొని, కూరగాయలు కొని, మరలివచ్చి పిండిని గైకొనుట రెండవది. మొదటిది సమకాలికము, రెండవది అసమకాలికము. మర వేగము రెండింటను ఒక్కటియే; మిగులునది గృహిణి కాలము.

కంప్యూటరునందు గృహిణి స్థానమున నుండునది ‘థ్రెడ్’. దూరపు సర్వరునకు విన్నపము పంపి ఊరక నిలిచిన థ్రెడ్ వేరొక పనికి రాదు. అందుచే జావా భాషలో, ఇంకను రాని ప్రత్యుత్తరమునకే ఆబ్జెక్టు రూపము నిచ్చిరి. అదియే చీటీ. 2004లో జావా 5తో వచ్చిన ‘ఫ్యూచర్’ అట్టిదే. కాని ‘గెట్’ అని ఫలము నడిగినచో, అది సిద్ధమగువరకు థ్రెడ్ నిలువవలసినదే. 2014 నాటి జావా 8లోని ‘కంప్లీటబుల్ ఫ్యూచర్’ ఈ కొరతను తీర్చినది. ఫలము రాగానే చేయవలసిన పనిని ‘దెన్ అప్లై’ ద్వారా ముందే నిర్దేశింపవచ్చును. 2018 నాటి జావా 11లోని ‘హెచ్‌టీటీపీ క్లయింట్’, ‘సెండ్ అసింక్’ అనినంతనే ఇట్టి చీటీని చేతికిచ్చును.

ఒక అంగడి సరకుల ధర, నిల్వ, రవాణా వివరములను మూడు సర్వర్లు తలకొక 200 మిల్లీసెకన్లలో తెలుపుననుకొందము. ఒకదాని పిమ్మట నొకటి అడిగిన 600 పట్టును. మూడును ఒక్కమారే పంపిన ఇంచుమించు 200 చాలును. కాని ప్రతి విన్నపము వెంటనే ‘జాయిన్’ అని నిలిచినచో మరల 600యే.

చీటీని మరచుట అంతకంటె ప్రమాదము. విన్నపము విఫలమైనను, ‘ఎక్సెప్షనల్లీ’ వంటి ఏర్పాటు లేనిచో ఆ వార్త చీటీలోనే అణగియుండును. 2017 నాటి జావా 9లోని ‘ఆర్ టైమవుట్’ గడువును విధించును. అయితే గడువు దాటుట యనగా ప్రత్యుత్తరము రాలేదనియే గాని, పని జరుగలేదని కాదు. సొమ్ము చెల్లింపు విన్నపమును తొందరపడి మరల పంపిన, కొనుగోలుదారుని సొమ్ము రెండుమార్లు పోవచ్చును. కావున ప్రతి చెల్లింపునకు ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చి, అదే సంఖ్యతో మరల వచ్చినదానిని సర్వరు క్రొత్త చెల్లింపుగా గణింపకుండునట్లు చేయవలయును.

2023లో జావా 21తో స్థిరపడిన ‘వర్చువల్ థ్రెడ్లు’ నిరీక్షణ వ్యయమును మిక్కిలి తగ్గించినవి. నిరీక్షణ చౌకయైనను, పంపిన ప్రతి విన్నపమునకు లెక్క చెప్పవలసిన బాధ్యత మాత్రము తగ్గలేదు.