భూమి లోపలి సంగతి చెప్పే జియాలజిస్టు



పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే మన హాస్టల్లో డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు అని చెబుతారు. జియాలజిస్టునవుతానని చెప్పినవాణ్ణి నేను చూడలేదు. హాస్టల్లో ఉన్నంతకాలం నేనూ ఆ మాట వినలేదు.

మా నాన్న రెండెకరాల చెల్కలో మూడు బోర్లు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోటల్లా రిగ్గు పెట్టించాడు. మూడింట్లోనూ రాతిపొడి లేచిందే తప్ప నీటిచుక్క రాలేదు. చివరికి అప్పు మిగిలింది. భూమిలో నీళ్లెక్కడ ఉంటాయో వెతికే చదువు ఒకటుందని డిగ్రీలో చేరాకే నాకు తెలిసింది. అదే జియాలజీ, అంటే భూగర్భశాస్త్రం.

జియాలజిస్టు చేతిలో సుత్తి, భూతద్దం, దిక్సూచి ఉంటాయి. రాయిని పగలగొట్టి అందులోని ఖనిజాలను చూస్తాడు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసినప్పుడు బుసబుసా పొంగితే అది సున్నపురాయి అని గుర్తిస్తాడు. ఏ రాయి ఎక్కడ ఉందో, ఏ వైపు వాలి ఉందో పటం గీస్తాడు. ఆనకట్ట కట్టేముందు పునాది బండ గట్టిదా, పగుళ్లున్నదా అని చూసేదీ ఆయనే.

ఇక మన బోరు సంగతి. తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువ భాగం గట్టి రాతి నేల. వాన నీరు ఇంకి, రాయి చివికి మెత్తబడిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ నిలుస్తుంది. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. అందుకే పక్క చేనులో పడిన నీళ్లు మన చేనులో పడకపోవచ్చు.

దీన్ని ఎలా కనుక్కుంటారు? నేలలో నాలుగు కడ్డీలు వరుసగా పాతుతారు. చివరి రెండింటి ద్వారా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజి కొలుస్తారు. తడి పొరలో కరెంటు సులువుగా పోతుంది. ఎండు బండలో నిరోధం ఎక్కువ. కడ్డీల మధ్య దూరం పెంచుతూ పోతే ఇంకా లోతు పొరల సంగతి తెలుస్తుంది. పదో తరగతిలో మనం బట్టీ పట్టే ఓమ్ నియమమే ఇక్కడ పనికొస్తుంది! నూటికి నూరుపాళ్లు నీళ్లు పడతాయని జియాలజిస్టు కూడా చెప్పడు. కానీ గుడ్డిగా తవ్వి అప్పులపాలయ్యే ప్రమాదం తగ్గుతుంది.

నీళ్లు పడితే చాలదు, అవి తాగదగినవై ఉండాలి. పాత నల్గొండ జిల్లాలో గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే గార పళ్లు వస్తాయి. ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. ఏ బోరు నీళ్లు తాగవచ్చో, ఏవి తాగకూడదో పరీక్షించి చెప్పగలిగితే పిల్లల ఎముకలు నిలుస్తాయి.

మన సింగరేణి కథ కూడా ఒక జియాలజిస్టుతోనే మొదలైంది. 1851లో ఏర్పడిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకం ప్రారంభమైంది. ఆ బొగ్గు మీద ఎన్ని వేల కుటుంబాలు బతికాయో మీకు తెలుసు.

తమ్ముళ్లూ! ఇంటర్లో సైన్సు తీసుకుని, బి.ఎస్సీ.లో జియాలజీ చదవవచ్చు. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆపై చదువు ఉంది. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు బోరు పక్కన పడిన రాతిపొడిని చేతిలోకి తీసుకుని ఒకసారి చూడండి. దాన్ని చదవడం వచ్చినవాడు మా ఊళ్లో ఆనాడు ఒక్కడుంటే, మా నాన్న మూడో బోరు వేసేవాడు కాదు. మీ ఊరికి ఆ ఒక్కడు మీరే కావాలని కోరుకుంటున్నాను.

— ఒక పూర్వ విద్యార్థి