భూర్జపత్రమును తాటియాకును

మన ఐ.పోలవరము చుట్టుపట్ల తాడిచెట్టు నెఱుగని బాలుడుండడు. భూర్జవృక్షమును జూచినవారు మాత్ర మరుదు. అది హిమాలయములందు 10,000 అడుగులకు పైబడిన చలిప్రదేశములలో పెరుగును. దాని బెరడు తెల్లగా, పొరలుపొరలుగా, కాగితమువలె నూడివచ్చును. మైనమువంటి పదార్థ మందుండుటచే త్వరగా నానదు. కాళిదాసుని నాటకమున ఊర్వశి తన లేఖను దీనిమీదనే వ్రాసినది.

ఉత్తరమున భూర్జపత్రములపైనను, దక్షిణమున తాటియాకులపైనను గ్రంథములు వ్రాయుదురని 1030వ సంవత్సర ప్రాంతమున అల్బెరూనీ యను పండితుడు తెలిపెను. బెరడుపై కలముతో సిరా నుంచి వ్రాయుదురు. మనవారో గంటముతో ఆకును గీరి, మసి పూసి తుడిచెడివారు. గీతలలో మసి నిలిచి యక్షరములు కనబడును. తిన్నని గీతలు ఆకును చీల్చును గనుకనే మన యక్షరములు గుండ్రనైనవని పెద్దలందురు. ఆ మాట యుక్తముగనే తోచుచున్నది.

చీనావారి సంగతి వింత. వారి యుత్తరదేశమున భూర్జవృక్షములున్నను, వారు వ్రాతకు వెదురుబద్దలు, పట్టుగుడ్డ, పిదప కాగితము వాడిరి. ఆ చెట్టు పేరు "హ్వా". కొయ్యను దెలుపు గుర్తు ప్రక్కన, శోభ యను నర్థముగల యక్షరమును జేర్చి దానిని వ్రాయుదురు. 1596వ సంవత్సర ప్రాంతమున అచ్చైన లీ షిజెన్ యొక్క ఔషధగ్రంథమును బట్టి, చర్మకారులు ఆ బెరడును పాదరక్షల లోపల నమర్చెడివారు, కత్తిపిడులకును వాడెడివారు, మైనముతో జుట్టి దీపముగా వెలిగించెడివారు. చదువుటకు గాక, చదువుకొను వెలుగునకు పనికివచ్చినదన్నమాట!

మన యాకు మాత్రము చీనాకు బోయినది. "పత్ర" యను సంస్కృతపదమే వారి నోట "బేయిదో" యైనది. ధాన్యకటకమును దర్శించిన హ్యుయాన్‌త్సాంగు 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరెను.

వాయవ్యదేశమున కుండలలో దాచిన భూర్జపత్రములు కొన్ని రమారమి రెండువేల యేండ్లు నిలిచి, లండనునందలి బ్రిటిషు లైబ్రరీకి చేరినవి. మన గోదావరి లంకల తేమకును చెదలకును తాటియాకు అంతకాల మోర్వదు. కొన్ని తరముల కొకమారు తిరిగి వ్రాయనిచో గ్రంథమే నశించును. అచ్చుయంత్రము వచ్చిన పిదప అట్లు వ్రాయువారు కరవైరి. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు 1911లో స్థాపించిన ఆంధ్రసాహిత్యపరిషత్తు అట్టి ప్రతులను సేకరించినది. ఆ సంస్థ పిదప కాకినాడకు మారినది.

బాలురారా, మీ యింటి అటకమీద తాటియాకుల కట్ట యున్నచో, దానిని పొయ్యికి గాని యేటికి గాని పంపకముందు, అందేమున్నదో తాతగారి నడుగుడు. నిమ్మగడ్డి నూనె పూసినచో ఎండిన యాకు మరల మెత్తబడును. మసి పూసి తుడిచినచో మాసిన యక్షరములు మరల నగపడును.