ఎద్దు మనది, ముకుత్రాడు పరులది

సంతలో ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, డెక్కలు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. సొమ్ము చెల్లించిన పిదప అమ్మినవాడు ముకుత్రాడు మన చేతికిచ్చి తన దారిని తాను పోవును. అట్లుగాక, "ఎద్దు నీదే గాని ముకుత్రాడు నా చేతనే యుండును, అది మొరాయించినపుడెల్ల నాకు కబురు పంపుము" అని వాడనినచో, ఆ బేరమునకు ఒప్పుకొను రైతు మన ప్రాంతమున ఒక్కడైన నుండునా? అయినను నేడు యంత్రముల విషయమున మనము తెలియక చేయుచున్న బేరము సరిగా నిట్టిదే. దీనిని గూర్చి సంఘ సభ్యులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

కొన్ని యేండ్ల క్రిందట సార్వా కోతల కాలమున డెల్టాలోని యొక గ్రామమునకు పనిమీద పోయియుంటిమి. అచ్చటివారు అప్పు తెచ్చి ఉమ్మడిగా కొనిన వరికోత యంత్రము నడిచేలో నిలిచిపోయెను. దాని తెరపై ఒక అంకె మాత్రము వెలుగుచుండెను. ఊరి మేస్త్రీ పాత ఆయిలింజనులను విప్పి బిగించుటలో చేయి తిరిగినవాడు. అతడు గంటసేపు వెదకి, ఎలుక కొరికిన తీగనొకదానిని కనిపెట్టి, క్రొత్త తీగ వేసెను. లోపము తొలగెను గాని యంత్రము కదలలేదు. లోపము తొలగినదని లోపలి కంప్యూటరునకు తెలుపవలెనట. తెలుపు సాధనము కంపెనీ మనుష్యుని యొద్దనే కలదట. అతడు మూడవనాటికి గాని రాలేదు. రెండవనాటి రాత్రియే వాన పట్టుకొనెను. అతడు వచ్చి, తన పెట్టెను తగిలించి, పది నిమిషములలో పని ముగించెను. అప్పటికి పదునొకండెకరముల చేను వాలిపోయి, వెన్నులు నీట నాని మొలకెత్తుచుండెను.

ఆ మనుష్యుని మేము దూషింపము. అతడొక్కడు, అతడు తిరుగవలసిన ఊళ్లు అనేకములు. తప్పు మనుష్యునిది కాదు, బేరముది. గట్టుమీద నిలుచున్న యొక వృద్ధుడు మాతో, "అయ్యా, తీగ మాది, మేస్త్రీ మావాడు, చేను మాది; అనుమతి మాత్రము పట్నములోనిది" అనెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఆ మాటలోనే యున్నది.

యంత్రములోని వ్రాత

కంప్యూటరు గల ప్రతి యంత్రమునకును, ఏ సమయమున ఏమి చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుస యొకటి యుండును. దీనినే సాఫ్టువేరందురు. ఇది రెండు రూపములుగా నుండును. మొదటిది మనుష్యుడు వ్రాసిన మూలపాఠము. నేర్చినవాడు దీనిని చదివి తప్పులు దిద్దగలడు. రెండవది యంత్రమునకు మాత్రమే తెలియు రూపము. దీనిని చూచి పనితీరు గ్రహించుట మిక్కిలి కష్టము. పచ్చడి రుచి చూచినంతమాత్రమున కారమెంత, ఉప్పెంత, ఆవపిండి యెంతయో తెలియదు గదా. పెక్కు కంపెనీలు పచ్చడిని అమ్మును గాని పాళ్లు చెప్పవు. చెప్పకపోవుటయే గాక, ఎవ్వరును తెలిసికొనకుండ జాడీకి తాళము గూడ వేయును.

ఇది సరి కాదని మొదట గట్టిగా పలికినవాడు అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ అను కంప్యూటరు నిపుణుడు. 1980 ప్రాంతమున అతడు మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలోని ఒక ప్రయోగశాలలో పనిచేయుచుండెను. అచ్చటి పాత అచ్చుయంత్రములో కాగితము ఇరుకుకొనినపుడు అందరికి వార్త పోవునట్లు అతడు దాని సాఫ్టువేరును దిద్దియుండెను. తరువాత వచ్చిన క్రొత్త యంత్రములోను కాగితము ఇరుకుకొనుచుండెను గాని, దాని మూలపాఠము ఇచ్చినవారు లేరు. అది తన యొద్ద నున్న వేఱొక విద్యాసంస్థలోనివానిని అడుగగా, ఎవ్వరికిని ఇయ్యనని మాట యిచ్చితినని అతడు నిరాకరించెను. ఇరుగు పొరుగువారు ఒకరికొకరు సాయపడుటయే నేరమగుచున్నదని స్టాల్‌మన్ మనస్సునకు తోచెను.

1983 సెప్టెంబరులో అతడు గ్నూ అను పేరుతో, అందరును చదివి దిద్దుకొనదగిన సాఫ్టువేరు వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1985లో దానికై ఒక సంస్థను స్థాపించెను. స్వేచ్ఛా సాఫ్టువేరునకు అతడు చెప్పిన లక్షణములు నాలుగు: ఏ పనికైనను వాడుకొనవచ్చును, మూలపాఠమును చదివి మార్చుకొనవచ్చును, ప్రతిని పొరుగువాని కీయవచ్చును, మార్చిన ప్రతిని సహితము పదిమందికి పంచవచ్చును. ఇచ్చట స్వేచ్ఛ యనగా ఉచితమని యర్థము కాదు. వెల పెట్టి అమ్మినను తప్పు లేదు. కొనినవాని చేతులు కట్టరాదు, అంతే.

1989లో వెలువడిన గ్నూ లైసెన్సులో మఱియొక నియమము కలదు. ఆ సాఫ్టువేరును తీసికొని మార్చి పంచువాడు, తాను పొందిన స్వేచ్ఛనే తన నుండి పుచ్చుకొనువారికిని ఇయ్యవలెను. పైకాలువ నీటితో చేను తడుపుకొనిన రైతు క్రిందివానికి తూము మూయరాదనుట మన కట్టుబాటు, ఇదియు నట్టిదే. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు ఆ మరుసటి యేటనే ఈ లైసెన్సు క్రిందికి వచ్చెను. నేడు మన జేబులలోని ఆండ్రాయిడు సెల్‌ఫోనుల లోపల నున్నది ఆ లినక్సే. వేలమంది చేయి కలిపి చేసిన పని ఎంత దూరము పోవునో చెప్పుటకు సహకార సంఘ సభ్యులకు వేఱు దృష్టాంతమేల?

అమెరికా రైతుల పోరాటము

ప్రయోగశాలలో మొదలైన యీ తగవు క్రమముగా పొలములోనికి వచ్చినది. అమెరికాలో 1998లో చేసిన ఒక కాపీరైటు చట్టము ప్రకారము, సాఫ్టువేరునకు వేసిన తాళమును తప్పించుట నేరము. ట్రాక్టరులలోనికి కంప్యూటరులు వచ్చిన పిదప, సొంత ట్రాక్టరును బాగుచేసికొను రైతునకే ఈ చట్టము అడ్డు తగిలెను. 2015లో జాన్ డీర్ కంపెనీ ప్రభుత్వమునకు సమర్పించిన వాదనలో, యంత్రమునకు ఆయువున్నంతకాలము లోపలి సాఫ్టువేరును నడుపుకొను అనుమతి మాత్రమే కొనినవానికి కలదని చెప్పెను. రైతులు దీనిని విని విస్తుపోయిరి. ఆ యేటి అక్టోబరులోనే, సొంత ట్రాక్టరును బాగుచేసికొనుటకై తాళము తప్పించుట నేరము కాదని ప్రభుత్వము మినహాయింపు నొసగెను.

అయినను సాధనములు దొరకనిచో మినహాయింపు వలన ప్రయోజనమేమి? కావున పోరాటము సాగెను. 2023 జనవరిలో ఆ కంపెనీ అమెరికా రైతుల సమాఖ్యతో ఒడంబడిక చేసికొని, మరమ్మతు పుస్తకములను, సాధనములను రైతులకు అందించెదనని వ్రాసియిచ్చెను. అది మాటయే గాని శాసనము కాదని అనేకులు తృప్తి చెందలేదు. ఆ యేడే కొలరాడో రాష్ట్రము వ్యవసాయ యంత్రముల మరమ్మతు హక్కును చట్టముగా చేసెను. అది 2024 జనవరి 1వ తేదీ నుండి అమలునకు వచ్చెను. 2025 జనవరిలో అమెరికా కేంద్ర వాణిజ్య సంఘము రెండు రాష్ట్రములతో కలిసి ఆ కంపెనీపై దావా వేసెను. వేల యెకరములు గల ఆ దేశపు రైతులకే ఇంత కష్టమైనచో, ఐదెకరముల రైతు ఒంటరిగా ఏమి చేయగలడు?

మన దేశమున

ఇది పరదేశపు కథ యని ఊరకుండరాదు. 2023 జనవరి నుండి మన దేశములో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరులకు పొగ నియమములు కఠినమైనవి. వాటిని పాటించుటకై ఇట్టి యింజనులలో చమురు కొలతను చిన్న కంప్యూటరు నిర్ణయించుచున్నది. పొగ తగ్గుట మంచిదే. దానితో ముకుత్రాడు గూడ మన చేయి జారకుండ చూచుకొనవలెను.

2022 జులైలో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సమితిని నియమించెను. అది మొదట ఎన్నుకొనిన నాలుగు రంగములలో వ్యవసాయ యంత్రములును కలవు. అదే యేడు డిసెంబరు 24వ తేదీన, కంపెనీలు మరమ్మతు వివరములను తెలుపుటకై ఒక వెబ్‌సైటు ఆరంభింపబడెను. ఇది మంచి మొదలు. కాని దీనిని చట్టమనుకొనరాదు.

విత్తనముల విషయమున మనకు చట్టమే కలదు. 2001వ సంవత్సరపు సస్యరకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము, రక్షింపబడిన రకపు విత్తనమునైనను రైతు దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్పిడి చేసికొనవచ్చును, అమ్మవచ్చును. కంపెనీ ముద్రతో మాత్రము అమ్మరాదు. విత్తనమునకు తగిన న్యాయము యంత్రమునకు తగదా?

మన సంఘపు లెక్కల సంగతియు నిట్టిదే. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులకు ఎక్కించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. చిట్టాపుస్తకము ఏ సభ్యుడైనను తెరచి చూడవచ్చును. కంప్యూటరులోని చిట్టా అట్లు తెరచుకొననిచో సంఘమునకు చేటు. మేమెఱిగిన యొక సంఘమువారు, వెనుక ఒక వర్తకుని సాఫ్టువేరులో ఆరేండ్ల లెక్కలు వ్రాసియుంచిరి. వేఱొకదానికి మారదలచినపుడు ఆ లెక్కలు మఱి దేనిలోను తెరచుకొనలేదు. కడకు ఇద్దరు గుమాస్తాలు నెలన్నర కూర్చుండి, తెరమీద చూచుచు కాగితములపై ఎక్కించిరి. సొమ్ము సభ్యులది, లెక్క సభ్యులది. తాళము మాత్రము పరులది.

ఎదుటివారి మాట

కంపెనీల వాదనను గూడ వినుట న్యాయము. మూలపాఠమును అందరి చేతికిచ్చినచో పొగ నియమములను తప్పింతురని, భద్రతకు భంగము కలుగునని, పెట్టుబడి పెట్టి కనిపెట్టినదానిని ఇతరులు దొంగిలింతురని వారందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయితే నియమము తప్పించినవానిని శిక్షించుటకు చట్టము కలదు. ఎలుక కొరికిన తీగను మార్చినవానిని శిక్షింప బనిలేదు. స్వేచ్ఛా సాఫ్టువేరు పక్షమువారును ఒక సత్యము నొప్పుకొనవలెను. మూలపాఠము చేతనుండిన చాలదు, చదువగలవాడు కావలెను. నేర్పు లేనివానికి తాళపుచెవి యిచ్చినను పెట్టె తెరచుకొనదు. అందుచేతనే ఈ పని ఒంటరి రైతునకు గాక సంఘమునకు తగినది.

మనము చేయదగినవి

మొదటిది: యంత్రమును కొనకముందే సంఘము పక్షమున నాలుగు ప్రశ్నలు వ్రాసి, జవాబులను సంతకముతో పుచ్చుకొనవలెను. మరమ్మతు పుస్తకము ఇత్తురా? లోపపు అంకెలకు అర్థము తెలుపుదురా? అంకెను తుడుచు సాధనము సంఘమునకు అమ్ముదురా? కోతల కాలమున ఎన్ని గంటలలో మనుష్యుడు వచ్చును? ఒక్కని ప్రశ్నకు జవాబు రాకపోవచ్చును. పది సంఘములు కలిసి యడిగిన ప్రశ్నకు జవాబు రాక తప్పదు.

రెండవది: ఏ సాఫ్టువేరు వాడినను, లెక్కలను సాధారణ పట్టిక రూపమున బయటికి తీయగలమా యని ముందుగా పరీక్షింపవలెను. ప్రతి మాసాంతమున ఒక ప్రతిని వేఱుగా దాచి, నిలువల పట్టికను అచ్చు తీసి బల్లపై అంటింపవలెను.

మూడవది: ఉత్తరములకు, పట్టికలకు లిబ్రెఆఫీసు వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు చాలును. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ ఇట్టి పనులను తెలుగులో చేసియున్నది. ప్రభుత్వ కార్యాలయములలో ఇట్టివానికి ప్రాధాన్యమీయవలెనని కేంద్ర ప్రభుత్వమే 2015లో విధానము ప్రకటించినది.

నాలుగవది: ఊరి మేస్త్రీని, కంప్యూటరు చదివిన యొక పిల్లవానిని కలిపి సంఘపు ఖర్చుతో శిక్షణకు పంపవలెను. ఒకనికి చేతి నేర్పు, ఒకనికి చదువు. ఇద్దరును కలిసిననే ముకుత్రాడు మన చేతికి వచ్చును.

ఆ గ్రామమువారు ఇప్పుడు రెండవ యంత్రమును కొనదలచి, కంపెనీలకు పై నాలుగు ప్రశ్నలను పంపియున్నారు. ఇద్దరు జవాబు వ్రాసిరి, ఒకరు వ్రాయలేదు. వ్రాయనివారి యంత్రము వెల తక్కువయే గాని, గట్టుమీది వృద్ధుడు అది వలదనెనట. నీట నానిన పదునొకండెకరములలో నాలుగు అతనివి.