మీకు తెలుసా? ఉడుత చర్మం కింద ఊపిరి పీల్చే పురుగు

ఉత్తర అమెరికాలో వేసవి చివర ఉడుతల్నీ కుందేళ్లనీ వేటాడేవారికి ఒక్కోసారి ఒళ్లు జలదరించే దృశ్యం ఎదురవుతుంది. జంతువు మెడ దగ్గరో భుజం మీదో ఉసిరికాయంత బుడిపె, దాని నడుమ తడితడిగా చిన్న రంధ్రం. లోపల నల్లటి, గరుకైన పురుగు మెల్లగా కదులుతూ ఉంటుంది!

అది క్యూటెరెబ్రా అనే ఈగ లార్వా. తల్లి ఈగ గుడ్లను జంతువు ఒంటిమీద పెట్టదు. కలుగుల దగ్గర, అవి తిరిగే దారుల్లో పెట్టి పోతుంది. అటుగా వచ్చిన కుందేలు ఒంటి వెచ్చదనం తగలగానే గుడ్డు పగిలి, లార్వా బొచ్చుకు అంటుకుని, ముక్కులోంచో నోట్లోంచో లోపలికి దూరుతుంది. చివరికి చర్మం కిందికి చేరి, గాలి కోసం కన్నం చేసుకుంటుంది. కొన్ని వారాలు పెరిగాక బయటికి జారి, మట్టిలో ప్యూపాగా మారుతుంది. ఇక పెద్ద ఈగ అసలు ఏమీ తినదు.

ఆశ్చర్యమేమిటంటే, చాలా జంతువులు దీన్ని తట్టుకుని బతికేస్తాయి. మాంసమూ పాడవదు. పురుగున్న చోటు కోసి తీసేసి, మిగతాది బాగా ఉడికిస్తే చాలు. అయినా చలి ముదిరేదాకా వేటకు వెళ్లనివారు ఎందరో.

కుందేలు పొట్ట కోసినప్పుడు కాలేయం, పేగుల చుట్టూ కనిపించే నీటిబుడగల కథ వేరు. అవి టీనియా పిసిఫార్మిస్ అనే బద్దెపురుగు పిల్లదశలు. మనుషులకు అంటవు గానీ, తిన్న కుక్క కడుపులో పూర్తి పురుగులవుతాయి. అందుకే పచ్చి పేగులు, కాలేయం కుక్కలకు వేయకూడదు.