అరిసెలు వాళ్ళకి, పొగ మనకి!

పక్కింటివారి పెళ్ళికి మీ వంటింట్లో అరిసెలు వండి ఇచ్చారనుకోండి. తిన్నది పెళ్ళివారు. గ్యాసు ఖర్చయింది మాత్రం మీ ఇంట్లో. "ఈ నెల గ్యాసు తెగ వాడేశారే!" అని మిమ్మల్నే దెప్పితే ఎలా ఉంటుంది? ప్రపంచ వ్యాపారంలో నడుస్తున్న గొడవ అచ్చం ఇలాంటిదే. అక్కడ అరిసెల బదులు ఉక్కు, సిమెంటు, అల్యూమినియం. గ్యాసు బదులు భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు!

ఉక్కులో పొగ ఎక్కడిది?

ఇనుప ఖనిజంలో ఇనుము, ఆక్సిజన్ కలిసి ఉంటాయి. వాటిని విడదీయడానికి కొలిమిలో బొగ్గుతో చేసిన కోక్ వేస్తారు. అది ఆక్సిజన్‌ని లాక్కుని వాయువుగా పైకి పోతుంది. అంటే బొగ్గు కేవలం మంట కోసమే కాదు, పులిహోరకి చింతపండులా అది లేనిదే ఆ పద్ధతిలో పని జరగదు. మన విశాఖ ఉక్కు కూడా ఇలా తయారయ్యేదే. టన్ను ఉక్కుకి ప్రపంచ సగటు సుమారు 1.9 టన్నుల వాయువైతే, మన దేశంలో సుమారు 2.5 టన్నులు.

ఎవరి పద్దులో రాయాలి?

పొగ ఏ దేశంలో వస్తే ఆ దేశం పద్దులోనే రాయడం అంతర్జాతీయ పద్ధతి. వస్తువు ఎవరు వాడుకున్నా సరే! 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఎన్నో ఫ్యాక్టరీల పని అటు మళ్ళింది. సరుకేమో అమెరికా, యూరప్ దుకాణాలకి, పొగేమో చైనా ఖాతాకి. మన దేశంలో తలకి ఏడాదికి సుమారు 2 టన్నుల వాయువు వస్తుంటే, అమెరికాలో సుమారు 14 టన్నులు.

యూరప్ కొత్త షరతు

యూరప్ ఫ్యాక్టరీలు 2005 నుంచి తమ పొగకి డబ్బు కడుతున్నాయి. "మేం కడుతుంటే బయటి సరుకు ఊరికే వస్తే ఎలా?" అన్నది వాళ్ళ వాదన. అందుకని బయటి ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువుల వంటి వాటి పొగకీ వెల కట్టారు. 2023 అక్టోబరు నుంచి వివరాలు అడిగారు. అసలు లెక్క 2026 జనవరి 1 నుంచి.

వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ వందేళ్ళకి పైగా బొగ్గు కాల్చి బాగుపడినవారు, ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నవారిని అదే తక్కెడలో తూయవచ్చా? బాధ్యత అందరిదీ, వాటాలు మాత్రం వేరువేరు అని 1992లో రియోలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి కదా!

ఒక వెసులుబాటు ఉంది. సరుకు తయారైన దేశంలోనే పొగకి డబ్బు కట్టి ఉంటే, యూరప్ అంత మేరకు తగ్గిస్తుంది. ఆ డబ్బు మన దగ్గరే ఉంటే మన కొలిములు బాగు చేసుకోవచ్చు. మన ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ల పథకం ప్రకటించింది. అది గట్టిగా నడవాలి.

మీ అటక మీద ఉక్కు!

పాత ఇనుమును కరిగిస్తే మళ్ళీ ఉక్కే. టన్ను పాత ఇనుము వాడితే సుమారు 1,400 కిలోల ఖనిజం, 740 కిలోల బొగ్గు ఆదా. కాబట్టి తుప్పు పట్టిన పెనం, విరిగిన మడత కుర్చీ, నూనె డబ్బాలు చెత్తలో పారేయకండి. పాత సామాన్ల బండి వచ్చినప్పుడు వేయండి. స్టీలు గిన్నెలు మాత్రం విడిగా తూయించండి, వాటికి ధర ఎక్కువ. చేతికి నాలుగు డబ్బులూ వస్తాయి, కొలిమికి కాస్త బొగ్గూ తగ్గుతుంది.