కణ మరణ పరిశోధన: జన్యు నిర్మూలన కణాలు వరికి నేర్పే పాఠం

నర్సీపట్నం వంటి ప్రాంతాల వరి చేలలో అగ్గి తెగులు సోకిన ఆకులపై నూలు కండె ఆకారపు మచ్చలు కనిపిస్తాయి. నిరోధక రకంలో మాత్రం అదే శిలీంధ్రం సోకినచోట సూది మొనంత గోధుమ చుక్కలే ఏర్పడతాయి. శిలీంధ్రం చొరబడిన కణాలు తమంతట తాము మరణించి తెగులును అక్కడే నిలువరించాయనడానికి ఆ చుక్కలు గుర్తు. దీనినే ప్రణాళికాబద్ధ కణ మరణం అంటారు. దీనిని నడిపే జన్యువులను గుర్తించే పద్ధతులు మానవ కణ శ్రేణులలో బాగా అభివృద్ధి చెందాయి.

మానవ కణాలలో జన్యు నిర్మూలన

1972లో కెర్, విల్లీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు ఒక తరహా కణ మరణానికి 'అపాప్టోసిస్' అని పేరు పెట్టారు. ఆకులు రాలడం అనే అర్థం గల గ్రీకు పదమిది. ఇందులో ఒక జన్యువు పాత్ర తెలియాలంటే, దానిని తొలగించి కణం ఎలా ప్రవర్తిస్తుందో పరిశీలించాలి. క్రిస్పర్-కాస్9 ఎంజైము ఆ జన్యువును కత్తిరిస్తుంది. కణం తెగిన చోటును అతికించేటప్పుడు ఒకటి రెండు క్షారాలు తగ్గినా, పెరిగినా జన్యు సంకేతం గాడి తప్పి, పనిచేసే ప్రోటీన్ తయారుకాదు.

సాధారణ మానవ కణంలో చాలా జన్యువులకు రెండేసి ప్రతులుంటాయి, రెండింటినీ నిర్మూలించాలి. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగి కణాల నుంచి వచ్చిన హాప్1 శ్రేణిలో దాదాపు ఒకే ప్రతి ఉన్నందున పని సులువవుతుంది.

అయితే ఒక్క జన్యువును తొలగించినంత మాత్రాన సమాధానం దొరకకపోవచ్చు. బాక్స్, బాక్ అనే ప్రోటీన్లు మైటోకాండ్రియా పొరకు రంధ్రాలు చేసి మరణాన్ని ప్రారంభిస్తాయి. వీటిలో ఒకటి లేకపోతే సాధారణంగా రెండవది ఆ పని చేస్తుంది. రెండూ లేనప్పుడే కణం ఈ మార్గపు మరణాన్ని తట్టుకుంటుంది. అందువల్ల జన్యుక్రమాన్ని, ప్రోటీన్ లేకపోవడాన్ని నిర్ధారించి, ఒకటికి మించిన క్లోన్‌లను పరీక్షించాలి. జన్యువును తిరిగి చేర్చినప్పుడు పూర్వ లక్షణం వస్తేనే ఫలితం విశ్వసనీయం.

వరిలో అన్వయం

వరిలో ఎస్‌పీఎల్11 జన్యువు కణ మరణాన్ని అదుపులో ఉంచుతుంది. అది పనిచేయని మొక్కల ఆకులపై తెగులు లేకున్నా మచ్చలు వస్తాయి. అగ్గి తెగులుకు, బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు నిరోధకత పెరుగుతుంది. కానీ ఆరోగ్యవంతమైన ఆకు కణాలు చనిపోవడం పంటకు నష్టమే.

కణ మరణంతో సంబంధం లేకున్నా, ఎక్స్ఎ13 జన్యువు కూడా ఇదే హెచ్చరిక చేస్తుంది. 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబ మసూరిలో ఎక్స్ఎ21, ఎక్స్ఎ5లతో పాటు ఇది ఉంది. బాక్టీరియా తన ఆహారం కోసం వరిలోని చక్కెర రవాణా జన్యువు స్వీట్11ను ప్రేరేపిస్తుంది. ఆ జన్యువును అణచివేస్తే పుప్పొడి అభివృద్ధి దెబ్బతిని గింజ పట్టదు. ఎక్స్ఎ13లో మారినది జన్యువును నియంత్రించే ప్రమోటర్ భాగం. అందువల్ల బాక్టీరియా దానిని ప్రేరేపించలేదు. మొక్క అవసరాలకు మాత్రం జన్యువు పనిచేస్తూనే ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

సాంబ మసూరిలో గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువును సవరించి రూపొందించిన డీఆర్ఆర్ ధన్ 100 (కమల) రకాన్ని 2025 మేలో ప్రకటించారు. ఇటువంటి రకాలు రైతులకు చేరే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ జన్యువు మారింది? అది మొక్కలో ఇంకా ఏ పనులు చేస్తుంది? దానికి బదులుగా పనిచేసే జన్యువు ఉందా? ప్రయోగశాలలో ఒక కణం బతికిందా, మరణించిందా అన్నదే ఫలితం. పొలంలో మాత్రం తెగులు తగ్గడంతో పాటు గింజ కూడా నిండాలి.