బస్తాల క్రింది పీట: ఏది మేలు?

పంట పండించుట ఒక యెత్తు. పండిన పంటను చెడకుండ దాచుకొనుట మరొక యెత్తు. దాచునప్పుడు మనము బస్తాను చూతుముగాని, బస్తా క్రింద ఏమున్నదో చూడము. కొంతకాలము క్రిందట ఒక గ్రామమున వేరుసెనగ విత్తనపు నెట్టు నా యెదుట విప్పిరి. పైవరుసల కాయ గలగలలాడుచుండెను. అడుగువరుస కాయ బూజుపట్టి ముక్కిపోయెను. కప్పు కారలేదు, నేల చెమ్మగిలలేదు. అప్పుడే కోయించిన మామిడి పలకలతో పీటలు చేయించి, అవి ఆరకముందే బస్తాలు పేర్చిరి. పచ్చికర్రలోని తేమను బస్తాలు పీల్చుకొన్నవి. విత్తు అదను దగ్గరపడిన వేళ ఆ విత్తనము చేయి జారెను.

గిడ్డంగులలోను, ఓడరేవులలోను ఈ పీటను పాలెట్టు అందురు. పైన పలకలు, క్రింద దిమ్మలు, నడుమ సందు ఉండును. ఆ సందులో గాలి ఆడును. సరకు నెత్తు యంత్రపు ఇనుప చేతులును అందులోనే దూరును. 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు గలది వాడుకలోనున్న కొలతలలో ఒకటి. దీనిని ఏ పదార్థముతో చేయించవలెనన్నదే మన ప్రశ్న.

చెక్క: చౌకగా దొరకును. ఒక పలక విరిగినచో ఊరి వడ్రంగి మరొకటి బిగించగలడు. గరుకుగా నుండుటచే బస్తాలు జారవు. అయితే నీరు పీల్చును. చెదలు, పుచ్చు పురుగు పట్టును. లేచిన మేకులు గోనెలను చించును. మామిడి కర్రకు పుచ్చు త్వరగా పట్టును. నీలగిరి గట్టిదేగాని ఆరునప్పుడు వంకరలు పోయి పగులును. ఏ కర్రయైనను తేమ 20 శాతమునకు లోబడిన పిమ్మటనే వాడవలెను. తేమ కొలుచు సాధనము లేనివారు ఒక పలకను తూచి, గాలి తగులుచోట ఉంచి, వారము తరువాత మరల తూచవలెను. బరువు ఇంకను తగ్గుచున్నచో ఆ కర్ర ఆరలేదని గ్రహింపవలెను.

ప్లాస్టిక్: నీరు పీల్చదు, చెదలు అంటవు, కడిగి వాడవచ్చును. కనుక శీతల గిడ్డంగులకును, పండ్లు, కూరగాయలు కడుగు చోట్లకును తగినది. కాని వెల హెచ్చు. తగిన రక్షణ మందు కలపని రకము ఎండకు పెళుసుబారును. తడిసినప్పుడు బస్తాలు జారును. విరిగినచో ఊరిలో బాగుచేయుట కష్టము. నిప్పంటుకొన్నచో మిక్కిలి వేడితో, దట్టమైన పొగతో మండును.

ఇనుము: పెద్ద బరువు మోయును, చిరకాలము మన్నును. కాని ఎత్తుటకు భారము. ఎరువుల ఉప్పు తగిలి తుప్పుపట్టును. ఎరువుల గదిలో దీనిని వాడువారు రంగు చెదరకుండ చూచుకొనవలెను.

అట్ట, అదిమిన రంపపు పొట్టు: తేలికైనవి, ఒక్క ప్రయాణమునకు చాలును. తడి తగిలినచో ఉబ్బి చెడును. మన గోదాములకు పనికిరావు.

వెల మాట చూతము. చెక్క పీట 1000 రూపాయలై నాలుగేండ్లు, ప్లాస్టిక్ పీట 2500 రూపాయలై పదేండ్లు మన్నుననుకొనుడు. రెంటికిని ఏటికి 250 రూపాయలే పడును. మీ ఊరి ధరలతో ఇట్లే లెక్క వేసి చూడుడు. లెక్క సమానమైనచోట వెల కాదు, వాడు చోటే తీర్పు చెప్పవలెను.

విదేశములకు సరకు పంపు రైతు సంఘములు మరొక సంగతి గమనింపవలెను. 1996లో న్యూయార్కు నగరమున చెట్లను తొలిచి చంపు ఒక ఆసియా పెంకు పురుగు బయటపడెను. అది చైనా నుండి వచ్చిన చెక్క పెట్టెలు, దిమ్మలతో చేరినది. తరువాత అక్కడ వేలకొలది చెట్లు కొట్టవలసివచ్చెను. ఇట్టి పురుగులను అరికట్టుటకై 2002లో అంతర్జాతీయ నియమమేర్పడెను. దాని ప్రకారము వేడి పద్ధతిలో చెక్క నడిమి భాగముకూడ 56 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎడతెగక 30 నిమిషములు కాగవలెను. అట్లు కాగిన పీటపై గోధుమ వెన్ను గుర్తు, దేశపు గుర్తు, హెచ్.టి. అను అక్షరములు ఉండును. ముద్ర లేనిచో, సరకెంత మంచిదైనను అవతలి రేవులో నిలిపివేయవచ్చును. ప్లాస్టిక్, ఇనుము, ప్లైవుడ్ పీటలకు ఈ ముద్ర అక్కరలేదు.

కావున ధాన్యపు గోదామునకు బాగుగా ఆరిన చెక్క, తడి చోటికి ప్లాస్టిక్, ఎగుమతికి ముద్ర గల చెక్క లేక ముద్ర అక్కరలేని పీట మేలు. పురుగుమందు ఒలికిన చెక్క పీటను తిండిగింజల క్రింద ఎన్నడును వేయరాదు. చెక్క పీల్చిన మందు కడిగినను పూర్తిగా పోదు.

ఈసారి నెట్టు వేయుటకు ముందు పీటను తిరగవేసి చూడుడు. ఆ అయిదు నిమిషముల శ్రమ అడుగువరుసను కాపాడును.